మూడు కాపీలూ ఒకటి కావమ్మా, కానీ ఆఫీసు పార్సిల్ సంగతి వేరు

ప్రశ్న: అంకుల్, మాది అనంతపురం, మావారిది తెనాలి. పెళ్ళయి నాలుగేళ్ళు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అద్దెకుంటున్నాం, ఇద్దరివీ ఉద్యోగాలే. మావారికి ఏ చెడలవాటూ లేదు, జాజ్ రికార్డులు తప్ప. మొన్న లెక్కపెడితే 412 తేలాయి. అందులో ఒకే రికార్డు మూడు కాపీలు ఉంటే ఎందుకని అడిగాను, 'మూడూ వేరు' అన్నారు. రాత్రి పదకొండింటికి ఫోన్ టార్చి వేసుకుని రికార్డు మధ్యలో పాట లేని చోట ఏదో వెతుకుతుంటారు. మా అత్తగారు వచ్చినప్పుడు 'ఈ పీపీ గోలేంట్రా' అన్నారని నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు. ఇవన్నీ సరే, నవ్వుకుంటాను. కానీ ఈమధ్య పార్సిళ్ళు ఇంటికి రావడం లేదు, ఆఫీసుకి తెప్పించుకుంటున్నారని తెలిసింది. ధర అడిగితే 'ఎంతో కాదులే' అంటారు. మేం ఊళ్ళో స్థలం కొనడానికి డబ్బు కూడబెడుతున్నాం. పైగా వచ్చే నెల ఇల్లు మారుతున్నాం, కొత్తది మూడో అంతస్తు. ఇవన్నీ అమ్మేయమని గట్టిగా చెప్పనా? ఇంకో చిన్న సంగతి, తెనాలి నుంచి తెచ్చిన వాళ్ళ తాతగారి పాత 78 ప్లేట్లకి బూజు పట్టింది, శానిటైజర్‌తో తుడవచ్చా? నిజం చెప్పాలంటే ఒక్క రికార్డు మాత్రం నాకూ నచ్చింది. ఒకావిడ మన సంగీతంలాగే స్వరాలు పాడుతుంటే పక్కన సన్నాయిలాంటిదేదో వాయిస్తుంటారు. అట్ట మీద కర్ణాటక అని ఉంది.
— పేరు వద్దు, మారతహళ్ళి

సమాధానం:

ముందు ఆ శానిటైజర్ సీసా కింద పెట్టండమ్మా, మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం. తాతగారి కాలం నాటి ఆ 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, లక్కతో చేసినవి. లక్క గాజులకీ, సీళ్ళు వేయడానికీ వాడే లక్కే. మన అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్క ఒకప్పుడు ఓడలెక్కి ప్రపంచమంతా పాటల ప్లేట్లు అయింది. వడ్రంగి బీరువాకి పాలిష్ వేసేటప్పుడు చూసే ఉంటారు, లక్కని స్పిరిట్‌లో నానేసి కరిగిస్తాడు. శానిటైజర్‌లో ఉండేదీ ఆ జాతి సరుకే. దాంతో తుడిచారంటే బూజుతో పాటు పాట కూడా గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి గుడ్డ తడిపి గట్టిగా పిండి, గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. మధ్యలో లేబుల్‌కి తడి తగలనివ్వకండి. వెంటనే పొడిగుడ్డతో అద్దేసి నీడలో నిలబెట్టండి. మంచం మీద కూర్చుని చేయండి, చేయి జారితే పెంకులైపోతాయి. అన్నట్టు 78 గాడి ఎల్పీ గాడికన్నా, అంటే తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డు గాడికన్నా, బాగా వెడల్పు, ఎల్పీ ముల్లు దాంట్లో కుదురుగా నిలబడదు, దానికి వేరే ముల్లు కావాలి. ఈ ముక్క మీవారికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీరే చెప్పి ఆయన మొహం చూడండి.

ఇక టార్చి సంగతి. దీనికి కంగారు పడాల్సిన పనిలేదు, ఆ పని నేనూ చేస్తాను, ఇప్పుడు చత్వారం వచ్చింది కాబట్టి టార్చితో పాటు భూతద్దం కూడా. పాట గాడి అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగాని డెడ్ వాక్స్ అంటారు. అక్కడ గీసిన అంకెలు, గుర్తులు ఉంటాయి. బ్లూ నోట్ అని న్యూయార్క్ కంపెనీ ఒకటి ఉంది, 1939లో మొదలైంది, జర్మనీ నుంచి వలస వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్ అనే ఆయన పెట్టాడు. 1960ల మధ్యలో దాన్ని ఇంకో కంపెనీకి అమ్మేసేదాకా రికార్డులు ప్లాస్టీలైట్ అనే ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి, ఆ ఫ్యాక్టరీ వాళ్ళు డెడ్ వాక్స్‌లో ఒక చిన్న గుర్తు వేసేవారు. అది నిజానికి వంకరగా రాసిన ఇంగ్లిషు 'పి' అక్షరం, చూడటానికి చెవిలా ఉంటుంది కాబట్టి మా బోటివాళ్ళందరం 'చెవి' అంటాం. చెవి ఉంటే పాత అచ్చు, లేకపోతే తర్వాతది. ధరలో తేడా మామూలుగా ఉండదు. అంతటితో ఆగుతామా, లేబుల్ మీద కంపెనీ చిరునామాలో న్యూయార్క్ పక్కన 23 అంకె ఉందా లేదా అని కూడా చూస్తాం! మా ఆవిడ కంచి పట్టుచీర కొనేటప్పుడు అంచు దగ్గర పోగు లాగి జరీ చూస్తుంది కదా, అదే ఇది. కాకపోతే చీర పగలే చూస్తారు.

చెవి పక్కనే చాలావాటి మీద ఇంకో ముద్ర ఉంటుంది, రూడీ వాన్ గెల్డర్ అనే సౌండ్ ఇంజనీరుది. ఆయన గురించి తెలిస్తే మీకే ముచ్చటేస్తుంది. పగలంతా కళ్ళ పరీక్ష చేసి అద్దాలు రాసిచ్చే ఉద్యోగం. సాయంత్రాలు న్యూజెర్సీలో, హ్యాకెన్‌సాక్ అనే ఊళ్ళో, వాళ్ళ అమ్మానాన్నల డ్రాయింగ్ రూములో జాజ్ వాళ్ళని కూర్చోబెట్టి రికార్డింగులు చేసేవాడు. ఈరోజు లక్షలు పలికే రికార్డులు కొన్ని ఆ ముందుగదిలో పుట్టినవే. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో ఎత్తైన చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకునేదాకా అలాగే నడిపాడు. కొడుకు రాత్రిపూట ఇంటినిండా ట్రంపెట్లు, డ్రమ్ములు పెట్టుకుంటే ఆ తల్లి ఏమనుకునేదో. మీ అత్తగారు ఒక్క మాట అని ఊరుకున్నారు, నయం.

అత్తగారి మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండుమేళం విని పెరిగిన మనిషికి ట్రంపెట్ వినపడగానే గుర్రం మీద పెళ్ళికొడుకు గుర్తొస్తాడు, ఇందులో ఆవిడ తప్పేం లేదు. మీవారు ఆవిడ వచ్చిన రోజే శాక్సోఫోన్ వాయించే కోల్ట్రేన్ చివరి రోజుల రికార్డు ఏదో పెట్టి ఉంటారు. అది నాకే పదేళ్ళు పట్టింది. ఈసారి వస్తే బెన్ వెబ్‌స్టర్ నిదానంగా వాయించినవి పెట్టమనండి, శాక్సోఫోన్‌లో ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది, పక్కన కూర్చుని కబురు చెబుతున్నట్టు ఉంటుంది. లేదా డేవ్ బ్రూబెక్ వాళ్ళ 'టేక్ ఫైవ్' పెట్టి, చేత్తో తాళం వేసి చూపించమనండి. అది అయిదు దెబ్బల లెక్క. మన ఖండచాపులో రెండు మూడు, వాళ్ళది మూడు రెండు, అంతే తేడా. హరికథలూ భజనలూ విన్న చెవులకి ఆ లెక్క పట్టుబడటానికి ఎంతోసేపు పట్టదు.

మూడు కాపీల విషయం. మీరు పేరు రాయలేదు కానీ అది ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అని నేను పందెం కాస్తాను. అది కాకపోతే ఈ పేరా వదిలేయండి. 1959లో రెండు రోజుల్లో రికార్డు చేశారు దాన్ని, మార్చి 2న మొదటి వైపు పాటలు మూడు, ఏప్రిల్ 22న రెండో వైపువి రెండు. మార్చి రోజున టేపు యంత్రం ఒకటి ఉండాల్సిన వేగంకన్నా కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కించినదాన్ని మామూలు వేగంలో వింటే ఏమవుతుంది, పాట కొంచెం పరుగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ తప్పు అలాగే అచ్చయిపోయింది, ముప్ఫై ఏళ్ళకి పైగా లోకమంతా ఆ మొదటి వైపుని తప్పు శ్రుతిలోనే వింది, రికార్డుతో పాటు పియానో వాయిద్దామని కూర్చున్నవాళ్ళు తమ పియానో మీదే అనుమానపడ్డారు. 1992లో సరిచేసిన కాపీ వచ్చింది. పైగా 1959లో మోనో (ఒకే ధార శబ్దం) వేరు, స్టీరియో (కుడి ఎడమ రెండు ధారలు) వేరు, రెంటికీ వేర్వేరు రికార్డులు అమ్మేవారు. కాబట్టి మోనో ఒకటి, స్టీరియో ఒకటి, శ్రుతి సరిచేసింది ఒకటి, మూడు. మీరు సంగీతం నేర్చుకున్నారో లేదో రాయలేదు కానీ 'స్వరాలు' అని రాశారు కాబట్టి అడుగుతున్నా, మొదటి పాటని పాత కాపీలో ఒకసారి, సరిచేసినదాంట్లో ఒకసారి వరసగా పెట్టమని చూడండి. తేడా మీకు తెలిసిపోతుంది. తెలిసిందంటే మాత్రం మీవారు నాలుగో కాపీ కొనడానికి అది సాకు చేసుకోకుండా చూసుకోండి.

ఇంతవరకూ ఆయన పక్షాన మాట్లాడాను. ఇప్పుడు పార్సిల్ దగ్గరికి వద్దాం.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న వాక్యం 412 కాదు, 'ఎంతో కాదులే'. ఎందుకంటే అది నా వాక్యం. 1990లలో నేనిక్కడ బెంగళూరులోనే బ్యాంకులో చేసేవాణ్ణి, ఆదివారం పొద్దున్నే చిక్‌పేట, ఎవెన్యూ రోడ్డు చుట్టూ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలూ రికార్డులూ వెతుక్కుంటూ తిరగడం అలవాటు. అప్పుడు అందరూ క్యాసెట్ల మీదా సీడీల మీదా పడి రికార్డులని తూకానికి వదిలించుకుంటున్న రోజులు. ఒక ఆదివారం జాజ్ పియానో వాయించే థెలోనియస్ మంక్‌ది, కొలంబియా కంపెనీ రికార్డు ఒకటి దొరికింది, అట్ట అంచులు నలిగినా రికార్డు తళతళలాడుతోంది. అమ్మేవాడు నా మొహం చూసి మూడొందలు చెప్పాడు, నేను బేరమాడే స్థితిలో లేను. ఇంటికొచ్చి మా ఆవిడతో ఇరవై రూపాయలన్నాను. ఆవిడ సరేనంది. ఆర్నెల్ల తర్వాత పక్కింటి అమ్మాయి స్కూల్లో ఏదో క్రాఫ్టు పోటీ ఉంది, పాత రికార్డు ఉంటే ఇవ్వండాంటీ అని వచ్చిందట. మా ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి అట్టలు చూసి, ఇది ఇరవై రూపాయలదే కదా అని మంక్‌ని ఇచ్చేసింది. మిగతావాటి ధర ఆవిడకి తెలియదు కాబట్టి పాపం భయపడి వాటి జోలికి పోలేదు. సాయంత్రం నేను వచ్చేసరికి దాని మీద ఎనామిల్ పెయింటుతో వినాయకుడు. మూడొందలని అప్పుడు చెప్పలేను, చెప్పకుండా ఏడవలేను. ఆ అమ్మాయికి రెండో బహుమతి వచ్చింది, మాకు స్వీటు కూడా తెచ్చింది.

అందుకని మీవారికి ఈ ఉత్తరం చూపించండి. ధర దాస్తే మొదట దెబ్బ తినేది రికార్డే నాయనా అని నేను చెప్పానని చెప్పండి. దాని విలువ ఇంట్లో ఇంకొకరికి తెలియకపోతే దాన్ని కాపాడేవాళ్ళు కూడా ఉండరు.

మీకు చెప్పేదేమిటంటే, అన్నీ అమ్మేయమనకండి. ధర్మం కోసం కాదు, లెక్క కోసం చెబుతున్నా. 412 ఒకేసారి అమ్మకానికి పెడితే కొనేవాడు మంచివి నలభై ఏరుకుని మిగతావి తూకానికి అడుగుతాడు, పెట్టిన డబ్బులో సగం వస్తే గొప్ప. మనిషి మనసు విరగడం వేరే ఖర్చు. దానికి బదులు ఆయన్ని కూర్చోబెట్టి ఒక ఆదివారం బీరువా ముందు మీరూ కూర్చోండి. గడిచిన ఏడాదిలో ఒక్కసారి కూడా ముల్లు ఆనని రికార్డులు ఏవో ఆయనే చెప్పాలి. అబద్ధం చెప్పలేరు, దుమ్ము చెప్పేస్తుంది. వాటిలోంచి అమ్మదగ్గవి ఒక్కొక్కటిగా, గ్రేడు, అంటే రికార్డు ఎంత బాగుందో, సరిగ్గా రాసి ఆయనే అమ్ముకోవాలి, ఆ డబ్బుతోనే కొత్తవి. ఈరోజుల్లో పాత రికార్డుని మళ్ళీ అచ్చువేసిన మామూలు కొత్త రీఇష్యూ ఒకటి మూడు నాలుగు వేలు ఉంటుంది, బయటి దేశం నుంచి ఒరిజినల్ తెప్పిస్తే దాని మీద పోస్టేజీ, కస్టమ్స్ కలిసి తడిసి మోపెడవుతుంది. స్థలం కోసం నెలనెలా పక్కన పెట్టేది పెట్టేశాక, ఇద్దరి జేబుఖర్చులూ సమానంగా తీసేసుకోండి. ఆయన వాటాలో ఆయన చెవి కొంటారో ముక్కు కొంటారో మీరు అడగకండి. మీ వాటా సంగతి ఆయనా అడగకూడదు.

ఇంకో మాట, ఇది మా ఇంట్లో వినాయకుడి తర్వాత మొదలైన పద్ధతి: కొన్న ప్రతి రికార్డుకీ చిన్న కాగితం మీద తేదీ, కొన్న చోటు, ధర పెన్సిల్‌తో రాసి అట్టలో పెట్టడం. కలెక్టర్లకి ఇలాంటివి రాసుకోవడం మహా ఇష్టం, మీవారు కాదనరు, రంగు రంగుల కాగితాలు కూడా కొంటారు చూడండి. పార్సిల్ మాత్రం ఇంటికే రావాలి. అయితే మీరు కూడా ఒకటి గుర్తు చేసుకోండి, పార్సిళ్ళు ఇంటికి వచ్చిన రోజుల్లో గుమ్మం దగ్గర మీ మొహం ఎలా ఉండేది? మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మా ఆవిడ ఏమీ అనేది కాదు, ఊరికే క్యాలెండర్ వంక చూసేది. ఒకటో తారీకుకి ఇంకా ఎన్ని రోజులుందో చూస్తోందని నాకు అర్థమయ్యేది. దానికన్నా తిట్టినా బాగుండేది.

ఇల్లు మారడం గురించి భయపడకండి, కానీ తేలిగ్గా కూడా తీసుకోకండి. ఒక్కో రికార్డు అట్టతో కలిపి పావుకిలో దాకా ఉంటుంది, 412 అంటే దాదాపు వంద కిలోలు. పెద్ద పెట్టెల్లో నింపితే మూడో అంతస్తుకి ఎక్కించే కుర్రాడు మెట్ల మీదే పెట్టి వెళ్ళిపోతాడు, న్యాయమే. యాభైకి ఒక పెట్టె చొప్పున సర్దండి. పుస్తకాల్లా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకూడదు, బిగించి కుక్కకూడదు, వదులుగా వాలనివ్వకూడదు. టర్న్‌టేబుల్ ముల్లుకి తొడుగు వేసి, చేయిని దారంతో కట్టేసి, ఆ ఒక్కటీ ఆయన్నే మోసుకెళ్ళమనండి. లారీ మాత్రం పొద్దున్నే కదలాలి. ఎల్పీలు చేసే వినైల్ ప్లాస్టిక్ ఎండకి మెత్తబడి వంగిందంటే మళ్ళీ తిన్నగా అవడం కష్టం. బెంగళూరు వాతావరణం రికార్డులకి చాలావరకు దయగానే ఉంటుంది. చెన్నైలో ఉండే మా తమ్ముడు ఉక్కపోతకీ బూజుకీ ఏటా యుద్ధం చేస్తుంటాడు, వాడి రికార్డుల గదిలో కర్పూరం వాసన, గుడికి వెళ్ళినట్టుంటుంది.

సర్దేటప్పుడే ఒక పని. పైన తొడిగే ప్లాస్టిక్ కవర్లలో దళసరిగా, గాజులా మెరుస్తూ, వేలికి అతుక్కునేవి ఉంటే అవి పీవీసీవి. వేడికి వాటిలోంచి ఊరే పదార్థం లోపలి రికార్డు మీద పొగమంచులా పట్టేస్తుంది, ఒక్కోసారి ఎంత కడిగినా పోదు. అవి తీసేసి పాలిథీన్‌వి వేయమనండి. దీనికయ్యే డబ్బు జేబుఖర్చులోంచి కాదు, ఇంటి ఖర్చు కిందే రాయండి. కొంచెం పక్షపాతం చూపిస్తున్నాను, తెలుసు.

చివరగా మీకు నచ్చిన రికార్డు. అట్ట మీద కర్ణాటక అని ఉంది, ఒకావిడ స్వరాలు పాడుతుంది అన్నారు కాబట్టి అది 'జ్యోతి' అయ్యుంటుంది, ఈసీఎం అనే జర్మన్ కంపెనీ 1983లో వేసింది. పాడింది ఆర్.ఎ. రమామణి గారు, మృదంగం ఆమె భర్త టి.ఎ.ఎస్. మణి గారు. వాళ్ళు మన బెంగళూరు వాళ్ళే, వాళ్ళ బృందం పేరు కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్, అట్ట మీద మీరు చూసిన కర్ణాటక అదే. మీరు సన్నాయి అనుకున్నది సొప్రానో శాక్సోఫోన్, వాయించింది చార్లీ మారియానో అని బోస్టన్ మనిషి. మీ చెవి మరీ తప్పేం కాదమ్మా, ఆయన దక్షిణాదికి వచ్చి నాదస్వరం నేర్చుకున్నవాడు. ఆ గాలి ఆ శాక్సోఫోన్‌లో ఉంటుంది. మీవారి 412 రికార్డులకీ మీ ఇంటికీ మధ్య దూరం ఎంతో ఉందని మీరనుకుంటున్నారు, ఒకటి మాత్రం ఈ ఊరి వాళ్ళే పాడి వాయించింది. దాని గురించి ఆయన్ని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, గంటన్నర వదలరు, ముందే టిఫిను తినేసి అడగండి.

కొత్త ఇంట్లో పాలు పొంగాక స్పీకర్ వైర్లు కలిపే ఓపిక ఉంటే మొదట అదే పెట్టమనండి. టర్న్‌టేబుల్ పెట్టే బల్ల ఎగుడుదిగుడుగా ఉందేమో తాపీమేస్త్రి వాడే రసమట్టం పెట్టి చూసుకోవాలి, ఆ రోజు ఇంట్లో ఎలాగూ ఎవరో ఒక మేస్త్రి తిరుగుతూనే ఉంటాడు. ఆ ఒక్క రికార్డునీ మాత్రం లారీలో వేయకండి, మీ చేత్తోనే కారులో తీసుకెళ్ళండి. దిగేటప్పుడు సీట్లో మర్చిపోయి తలుపేసేరు, ఎండలో గంటసేపు చాలు దానికి.